లైన్లలో పెరిగినోళ్లం

మా పక్కింటి పిల్ల కానిస్టేబుల్‌గా సెలెక్ట్ అయింది. ట్రైనింగ్ నుంచి సెలవు మీద వచ్చి, మొన్న పొద్దున గడప మీద కూర్చుని బెల్టు బక్కల్‌కు ఇత్తడి మెరిపించే బ్రాసో పట్టిస్తోంది. బట్టలారేయడానికి మేడ ఎక్కుతున్న నాకు ఆ వాసన తగిలింది. ఘాటైన వాసన, ముక్కుకు పట్టిందంటే ఓ పట్టాన వదలదు. చిన్నప్పుడు మా ఇంట్లో ప్రతి గురువారం రాత్రీ ఇదే వాసన. శుక్రవారం తెల్లారితే పరేడ్ మరి.

నాయిన హెడ్ కానిస్టేబుల్. ఆయన నాయిన, అంటే మా తాత, నిజాం కాలంలో జవానుగా చేరి ఆంధ్రప్రదేశ్ పోలీసుగా రిటైరయ్యాడు. నల్లగొండ పోలీస్ లైన్లు, ఆ తర్వాత దేవరకొండ క్వార్టర్లు, మళ్లీ నల్లగొండ. "మీదే ఊరమ్మా?" అని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఊరు కాదు, వరసగా ఒకే గోడకు ఆనుకుని కట్టిన ఆ రెండు గదుల ఇళ్లు.

గురువారం అన్నం వార్చిన గంజిని అమ్మ పారబోసేది కాదు. నీళ్లు కలిపి, పాత పంచె గుడ్డలో వడగట్టి, ఖాకీ జత అందులో ముంచి నీడలో ఆరేసేది. గంజి ఎక్కువైతే కాలరు మెడను కోసేస్తుంది, తక్కువైతే ఎండెక్కే వేళకు చొక్కా నలిగి జారిపోతుంది. ఆ పాళ్లు అమ్మ చేతికి అలవాటే. రాత్రి అన్నాలయ్యాక బొగ్గుల ఇస్త్రీపెట్టె రాజేసి నాయిన తనే ఇస్త్రీ చేసుకునేవాడు. బూట్లు అన్న వంతు. ఇత్తడి నా వంతు. పాత క్యాలెండర్ అట్టకు సన్నగా చీలిక కోసి ఇచ్చేవాడు నాయిన. గుండీని ఆ చీలికలోంచి పైకి లాగి రుద్దితే బ్రాసో మరక చొక్కాకు అంటదు. ముందు తెల్లగా పూస్తాం, కాసేపటికి అది నల్లబడుతుంది, అప్పుడు పొడిగుడ్డతో తుడవాలి. తొందరపడి ముందే తుడిస్తే మెరుపు రాదు. "బక్కల్ల మొఖం కనబడాలె బిడ్డా" అనేవాడు. డబ్బా అయిపోయి, జీతం ఇంకా పడకపోతే చింతపండు, పొయ్యిలో బూడిద.

తెల్లవారుజామున బ్యూగిల్. పరేడ్ గ్రౌండ్ గోడ మా పిల్లల గ్యాలరీ. "సావధాన్!" అనగానే అన్ని బూట్లూ ఒక్కటై నేలను తాకితే ఆ చప్పుడు మా గోడ దాకా వచ్చేది. ఇంట్లో, గల్లీలో అచ్చమైన నల్లగొండ భాష మాట్లాడే మనుషులు అక్కడ నిలబడగానే "విశ్రామ్", "సలామీ శస్త్ర్" అంటూ హిందీలోకి మారిపోయేవాళ్లు. మా ఆటలన్నీ అవే. వేపకొమ్మలు త్రీనాట్ త్రీ రైఫిళ్లు. భుజాల మీద గుర్తుల లెక్క మాకు ఎక్కాలకంటే ముందొచ్చింది. మూడు పట్టీలు హెడ్డు, రెండు చుక్కలు ఎస్సై, మూడు చుక్కలు, కింద ఎరుపు నీలం రిబ్బను ఉంటే సీఐ, అదే రిబ్బను లేకపోతే డీఎస్పీ. సింహాల బొమ్మ పక్కన చుక్క కనిపించిందంటే ఎస్పీ సారు, ఇక ఆట ఆపి ఇళ్లలోకి ఉరకాల్సిందే.

*

ఎస్పీ మారితే లైన్లలో రోజులే మారిపోయేవి. పేపర్లో బదిలీల వార్త పడగానే నల్లా దగ్గర ఆడవాళ్ల మధ్య మొదటి ప్రశ్న ఒక్కటే: "సెలవులిస్తడట్నా?" రెండోది, "ఓఆర్ల తిడతడా, రాస్తడా?" ఓఆర్ అంటే ఆర్డర్లీ రూమ్. తప్పు చేసిన వాడిని బెల్టు, టోపీ తీయించి ఎస్పీ ముందు నిలబెట్టే చోటు. గట్టిగా తిట్టి పంపేసే ఆఫీసరంటే మా ఆడవాళ్లకు దేవుడే. నోటితో ఒక్క మాటా అనకుండా కాగితం మీద రాసేవాడొస్తే మాత్రం ఇంక్రిమెంట్ పోయేది, ఆ ఇంట్లో పిల్లలకు ఆ ఏడు పండగ బట్టలు ఉండేవి కావు. పెద్ద ఆఫీసర్ల గురించి పుస్తకాల్లో ఏం రాస్తారో గానీ, మాకు వాళ్ల పాలన అర్థమైంది ఈ రెండు ప్రశ్నలకు దొరికే జవాబుల్లోనే.

ఒక ఎస్పీ వచ్చాడు. పేరు రాయను. ఊళ్లో నానమ్మకు సీరియస్‌గా ఉందని కబురొస్తే నాయిన సెలవు చీటీ పెట్టాడు. జాతర బందోబస్తు ఉంది, ఎవరికీ సెలవు లేదన్నాడు. చెర్వుగట్టు దగ్గర జనాన్ని వరసలో పెడుతూ నాయిన ఉండగానే నానమ్మ పోయింది. ఆయన ఊరు చేరేసరికి దహనం అయిపోయింది. ఇంట్లో ఆ సంగతి గురించి నాయిన నోరెత్తగా నేను వినలేదు. కానీ ఆ తర్వాత స్టేషన్ రైటరయ్యాడు. డ్యూటీ చార్ట్ రాసే కలం ఆయన చేతికొచ్చింది. అప్పటినుంచి ఎవరింట్లో చావైనా, కాన్పైనా, ఆ కానిస్టేబుల్ పేరు కొట్టేసి అక్కడ తన పేరు వేసుకునేవాడు. పగలంతా రాత పని, రాత్రి ఇంకొకరి సెంట్రీ. అమ్మ గొణిగేది. "పోనియ్యి, ఒక్క రాత్రే గదా" అనేవాడు. రిటైరయ్యేదాకా ఆ ఒక్క రాత్రులకు లెక్కే లేదు. నేను చూసిన నాయకుల్లో నా వరకు మొదటివాడు ఆ మూడు పట్టీల మనిషే.

ఇంకో ఎస్పీ సారు సంగతి కూడా చెప్పాలి. నల్లగొండ నీళ్ల గురించి కొత్తగా చెప్పేదేముంది. లైన్ల బోర్లో ఫ్లోరైడ్ నీళ్లు, మా పిల్లలందరి పళ్ల మీదా గోధుమరంగు చారలు. ఆయన వచ్చిన కొత్తలో క్వార్టర్లు చూడ్డానికి నడుచుకుంటూ వచ్చాడు. వెనక ఆర్ఐ, అంటే రిజర్వ్ ఇన్‌స్పెక్టర్, ఇద్దరు ఎస్సైలు. మా గుమ్మం ముందు ఆగి, "ఒక గ్లాసు నీళ్లియ్యమ్మా" అన్నాడు. పక్కింట్లో ఫ్రిజ్ నీళ్లున్నాయని ఆర్ఐ సారు ఏదో చెప్పబోయాడు. అమ్మ అప్పటికే బిందెలోంచి స్టీలు గ్లాసు ముంచి ఇచ్చేసింది. సారు గ్లాసంతా తాగాడు. నా వైపు చూసి "నవ్వు పాపా" అన్నాడు. నవ్వాను. పళ్లు చూశాడు. ఏమీ అనలేదు. కొద్ది రోజులకు ఊరవతల మంచినీళ్ల బావి నుంచి ట్యాంకర్ రావడం మొదలైంది, వాటర్ ట్యాంకర్ డ్యూటీ అని చార్ట్‌లో ఒక కొత్త వరస చేరింది.

*

తాత నోట్లో ఎస్సై చివరిదాకా అమీన్ సాబే. ఎస్పీ మొహతమీమ్. రాష్ట్రంలో అందరికంటే పెద్ద పోలీసు ఆయనకు ఎప్పుడూ ఐజీ సాబే. డీజీపీ అని మేం చెప్తే వినిపించుకునేవాడు కాదు. ఠాణాలో జనరల్ డైరీని రోజ్‌నామ్చా అనేవాడు, ఆయన కాలంలో అది ఉర్దూలో రాసేవాళ్లు. అరుగు మీద బీడీ కాలుస్తూ ఆయన చెప్పిన కథలతోనే మాకు చరిత్ర తెలిసింది. మొదటి సాలార్‌జంగ్ నిజాం దివానుగా ఉండి 1860ల్లో రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టి జిల్లాబందీ చేసినప్పుడు జిల్లాల పోలీసు ఒక శాఖగా ఏర్పడిందనీ, పట్నం పోలీసు వేరు, అది కొత్వాల్ చేతి కింద ఉండేదనీ, వనపర్తి, గద్వాల లాంటి సంస్థానాల లెక్క మళ్లీ వేరనీ. ఊళ్లో అయితే పోలీసు పటేలే సర్కారు, కబురు మోయడానికి అతని కింద సేతుసింధి. జవాను ఊళ్లోకొస్తే పటేల్ ఇంటి ముందే మంచం వేసేవాళ్లు. ఆ పటేల్, పట్వారీ వ్యవస్థ ఎన్టీ రామారావు హయాంలో పోయినప్పుడు తాత నమ్మలేదు. "మరి ఊర్ల దొంగతనమైతే ఠాణకు ఎవరు చెప్తరు?" అని నాయినను పదిసార్లు అడిగాడట.

తాతకు ఒక గర్వం ఉండేది. కొత్వాల్ వెంకట్రామారెడ్డి. "మన పాలమూరోడు" అని మొదలుపెట్టేవాడు. తాత ఆయన్ని చూడలేదు, తన పై జమేదార్ల దగ్గర విన్నదే. వనపర్తి సంస్థానం వైపు రాయణిపేటలో 1869లో పుట్టాడు. అమీనుగా నౌకరీలో చేరి, మెట్టు మెట్టుగా ఎక్కి 1920లో హైదరాబాద్ కొత్వాల్ అయ్యాడు. ఆ గద్దె మీద కూర్చున్న మొదటి హిందువు. 1934 దాకా ఉన్నాడు. పల్లెల నుంచి చదువుకోసం పట్నం వచ్చే పిల్లలకు ఉండడానికి చోటు లేదని 1918లో రెడ్డి హాస్టల్ పెట్టించడంలో ముందు నిలబడ్డాడు. తాతకు అన్నిటికంటే నచ్చిన సంగతి, ఆయన కింది నుంచి పైకి వచ్చినవాడు కావడం. "జవాను కాళ్లు ఎట్ల గుంజుతయో ఆయనకెరుక" అనేవాడు. హిమాయత్‌సాగర్ దగ్గర పోలీసు అకాడమీకి ఇప్పుడు ఆయన పేరే ఉంది, రాజా బహద్దూర్ వెంకట్రామారెడ్డి తెలంగాణ పోలీస్ అకాడమీ. పక్కింటి పిల్లకు పేరు తెలుసు గానీ మనిషి తెలియదు. పాలమూరాయన అని చెబితే కళ్లు పెద్దవి చేసింది.

1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ అయ్యాక తాతకు కొన్నాళ్లు జీతం లేదు. ఎవరిని ఉంచుతారో, ఎవరిని తీసేస్తారో తెలియని రోజులు. పై అధికారులు మద్రాసు నుంచి వచ్చారు. భాష మారింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అయ్యాక కాగితాలన్నీ ఇంగ్లిష్‌లోకి మళ్లాయి. ఇంట్లో దీపం పెట్టుకుని ఏబీసీడీలు దిద్దాడట, అప్పటికి ఆయనకు పిల్లలు కూడా. ఖాకీ చొక్కా అదే, దాని పైనున్న సర్కారు మాత్రం ఆయన కళ్ల ముందే మూడుసార్లు మారింది.

*

అమ్మది సూర్యాపేట వైపు ఊరు. అక్కడ పోలీసు అంటే మాట వేరు. సాయుధ పోరాటం రోజుల్లోనూ, పోలీస్ యాక్షన్ తర్వాత 1951 దాకానూ ఆ ఊళ్లలో క్యాంపులు. ఆ పోరాటాన్ని అణచడానికి దించిన మలబారు పోలీసులన్న పేరు చెబితే అమ్మమ్మ ముసలితనంలో కూడా తలుపు వైపు చూసేది. తన తమ్ముణ్ని జొన్నచేలో దాచి, అన్నం ముద్దలు కొంగులో కట్టుకుని రాత్రిపూట తీసుకెళ్లిన మనిషి ఆమె. నాయిన సంబంధం వస్తే "ఖాకీ బట్టలోళ్లింటికి నా బిడ్డనియ్య" అని తేల్చేసింది. అమ్మ మేనమామలు నెలల తరబడి చెప్పి ఒప్పించారు.

ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది, తన గడపలోకి ఖాకీ రాకూడదు. డ్యూటీ నుంచి నేరుగా అమ్మమ్మ ఊరికి వస్తే నాయిన బస్టాండు హోటల్లో ఖాకీ విప్పి, సంచిలో పెట్టుకుని, లుంగీ కట్టుకుని వచ్చేవాడు. ఆమె బతికున్నంతకాలం అంతే. ఏనాడూ విసుక్కోలేదు. "ఆమె చూసింది మనం చూడలే" అనేవాడు. లైన్లలో పెరిగి, ఆ ఖాకీ అన్నమే తిన్న నాకు, అమ్మమ్మ భయం అబద్ధం కాదని చెప్పింది కూడా ఒక పోలీసే. శాఖ చరిత్ర రాసేవాళ్లు ఆ జొన్నచేను సంగతి కూడా రాయాలి. అది వదిలేస్తే సగం కథే.

*

రైటర్ బల్ల మీద కార్బన్ పేపర్లు, ఎర్ర సిరా, నీలం సిరా, దారం, గుచ్చే దబ్బనం. నాయిన అక్షరం ముత్యమంత కాదు, కొంచెం పక్కకు వాలి ఉంటుంది, కానీ పేజీలో ఒక్క కొట్టివేత ఉండదు. జనరల్ డైరీలో రోజు గడిచిన తీరంతా రావాలి. సెంట్రీ మారింది, తాళాలు, ఆయుధాలు సరిచూశారు, కోర్టు కానిస్టేబుల్ సమన్లతో బయల్దేరాడు. నాకు జ్వరమొస్తే స్కూలుకు నాయిన రాసిన సెలవు చీటీ కూడా అదే బాణీ: "పై తెలిపిన విద్యార్థిని నిన్నటి రాత్రి సుమారు తొమ్మిది గంటల సమయమున జ్వరముతో బాధపడుచున్నందున..." మా తెలుగు సారు దాన్ని క్లాసులో చదివి, వాక్యం ఇలా ఉండాలిరా అన్నాడు. నేనా రోజు స్కూలుకే పోలేదు. స్నేహితురాలు వచ్చి చెప్పింది.

రాత్రి బీట్‌కు పాయింట్ బుక్కులుండేవి. ఊళ్లో కొన్ని ఇళ్ల దగ్గర, కొట్ల దగ్గర, గడియారం సెంటర్ పక్కన ఒక మందుల షాపు షట్టర్ మేకుకు, చిన్న నోటు పుస్తకం వేలాడదీసి ఉంచేవాళ్లు. బీట్ కానిస్టేబుల్ ఆ వేళకు అక్కడికి వచ్చినట్టు సంతకం, టైము. తర్వాత ఎస్సై తిరిగి దాన్ని చూసి తన సంతకం. చలికాలం రాత్రి రెండున్నరకు ఈల వినిపించి, లాఠీ నేలకు తగిలి, సైకిల్ గొలుసు చప్పుడు దూరమైతే ఊరు పక్కకు తిరిగి పడుకునేది. ఇప్పుడు కెమెరాలున్నాయి, జీపీఎస్ ఉంది, పెట్రోలింగ్ బండి వస్తుంది. మంచిదే. బండి అద్దాలు ఎక్కించి ఉంటాయి కాబట్టి లోపలున్నదెవరో మాత్రం మనకు తెలియదు.

*

1993 గురించి రాయాలంటే చెయ్యి ఆగుతుంది. ఆ ఏడు జనవరిలో ఐపీఎస్ ఆఫీసరు వ్యాస్ సారును హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో నక్సలైట్లు కాల్చేశారు. నక్సలైట్లను ఎదుర్కొనే గ్రేహౌండ్స్ దళాన్ని 1989లో తయారుచేసినాయన. సాయంత్రం నడకకు వచ్చిన మనిషిని. లైన్లలో ఆ రాత్రి రేడియో చుట్టూ అందరూ. పెద్ద ఆఫీసరుకే అట్లా అయితే మనోళ్ల సంగతేంటని ఆడవాళ్ల గుసగుస.

నవంబరు వచ్చింది. అప్పటికి మేం దేవరకొండలో ఉన్నాం. డిండి దాటితే పాలమూరు జిల్లా. చిన్న మామ మహబూబ్‌నగర్ ఏఆర్‌లో, అంటే ఆర్మ్‌డ్ రిజర్వులో, కానిస్టేబుల్. కొల్లాపూర్ దగ్గర సోమశిలలో మందుపాతర పేలిందని, ఎస్పీ పరదేశీ నాయుడు సారు, ఆయన వెంట పోయిన పోలీసులు చనిపోయారని వైర్‌లెస్‌లో వచ్చింది. జిల్లా ఎస్పీ పోయాడు అన్న మాట స్టేషన్లో ఎవరి చెవికీ ఎక్కలేదట, ఆపరేటర్‌ను మళ్లీ మళ్లీ అడిగించారట. ఫోను స్టేషన్లో ఒక్కటే. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని స్టేషన్ వరండాలో నిలబడింది, ఆమె పక్కన నేను. వైర్‌లెస్ సెట్టు గరగరమంటుంది, మధ్యలో ఒక పేరు, మళ్లీ గరగర. నాయిన ఒక్కో పేరూ కాగితం మీద రాస్తున్నాడు. ఆయన కలం కదిలినప్పుడల్లా అమ్మ నా భుజం పట్టుకుని నొక్కేది. మామ పేరు లేదు. నాయిన తలెత్తి అమ్మను చూసి అడ్డంగా తలూపాడు.

అమ్మ ఏడ్చింది అప్పుడు. లేడని కాదు, ఉన్నాడని తెలిసిన తర్వాత. ఆ కాగితం మీదున్న పేర్ల ఇళ్లల్లో ఇంకా తెలియని ఆడవాళ్లు పొయ్యి వెలిగించుకుంటూ ఉంటారని అంటూ ఏడ్చింది. మామ తర్వాత వచ్చినప్పుడు, ముందుకు పోయే ఆఫీసరు గురించి ఒక్కటే చెప్పాడు: "సారు మమ్ముల పంపియ్యలే అక్కా, తోల్కపోయిండు."

తర్వాత చాలా ఏళ్లు స్టేషన్లంటే ఇసుక బస్తాలు, ముళ్లకంచె, చీకటి పడితే మూసుకునే గేటు. జీపులో పోతే మందుపాతర భయం, కాబట్టి సివిల్ బట్టల్లో ఆర్టీసీ బస్సుల్లో పోయేవాళ్లు. ఖాకీ సంచిలో పెట్టుకోవడం నాయినకు అప్పటికే అలవాటు. మా ఇంటికి వచ్చే చుట్టాలు తగ్గారు. రైతులు ఫిర్యాదు ఇవ్వడానికి ఆ గేటు దాకా వచ్చి వెనక్కి పోయేవాళ్లు, ఆ సంగతి నాయినను చాలా బాధపెట్టేది.

అక్టోబర్ 21న, పోలీసు అమరుల దినాన మాత్రం ఎంత భయమున్నా పరేడ్ గ్రౌండ్‌కు అందరం పోయేవాళ్లం. 1959లో లడాఖ్ హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల చేతిలో పది మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయిన రోజు. "శోక్ శస్త్ర్" అనగానే రైఫిళ్ల మూతులు నేలకు దిగుతాయి. ఆ ఏడు డ్యూటీలో పోయిన వాళ్ల పేర్లు చదువుతారు. చదివే ఆఫీసరు పేర్లను తొందరగా చదివితే నాయినకు నచ్చేది కాదు. ఒక సారు ఉండేవాడు, ప్రతి పేరు తర్వాత ఊపిరి పీల్చుకునేంత ఆగేవాడు. ఆయన బదిలీ అయినప్పుడు లైన్లలో ఆడవాళ్లు కూడా వచ్చి దండలేశారు.

*

నాయిన ఏఎస్సైగా, భుజాన ఒక్క చుక్కతో రిటైరయ్యాడు. 2014లో తెలంగాణ వచ్చాక కొత్త ఇన్నోవాలు రోడ్డెక్కితే చూద్దామని గడియారం సెంటర్ దాకా నడిచి వెళ్లాడు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడట. ఆయన సర్వీసులో జీపును తోయని నెల లేదు. 2015 ఏప్రిల్‌లో సూర్యాపేట బస్టాండులో తనిఖీ చేస్తుంటే కాల్పులు జరిగి ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు పోయారు. మూడు రోజులకు జానకీపురం దగ్గర ఎదురుకాల్పుల్లో మరో కానిస్టేబుల్, ఆ గాయాలతో ఆస్పత్రిలో ఎస్సై. నాయిన టీవీ ముందు నుంచి లేవలేదు. ఆ బస్టాండులో ఆయన చేసిన నైట్ డ్యూటీలు ఎన్నో. "హోంగార్డు పేరు కూడా చెప్పమను" అని టీవీ మీద గట్టిగా అరిచాడు. నెమ్మదిగా మాట్లాడే మనిషి.

2016లో జిల్లాలు విడిపోయాయి. నల్లగొండ మూడు ముక్కలు, పాలమూరు నాలుగు, తర్వాత నారాయణపేటతో ఐదు. యాదాద్రి వైపు అప్పట్లో రాచకొండ కమిషనరేట్ కిందికి పోయింది. ఒక ఎస్పీ చూసిన చోట ఇప్పుడు ముగ్గురు, నలుగురు. లైన్లలో ఒకే గోడకు ఆనుకుని పెరిగిన మేమంతా వేరువేరు జిల్లాల వాళ్లం అయ్యాం. నాయిన దాన్ని మంచిదనే అన్నాడు, చిన్న జిల్లా అయితే ఎస్పీకి కానిస్టేబుల్ మొఖం గుర్తుంటుందని. ఇప్పుడు నాయిన లేడు. ఆ మాట ఎంతవరకు నిజమైందో పక్కింటి పిల్ల డ్యూటీలో చేరాక అడగాలి.

మా పాత క్వార్టర్ల వాళ్లకొక వాట్సాప్ గ్రూపు ఉంది. మంచినీళ్ల ట్యాంకర్ తెప్పించింది ఏ ఎస్పీ సారు అని నెల రోజులుగా తెగని వాదన. ఇద్దరి పేర్లు చెప్తున్నారు. మా గుమ్మం ముందు గ్లాసెడు నీళ్లు తాగింది ఎవరో నాకు బాగా తెలుసు, గ్రూపులో చెప్పాను, ఒప్పుకోవడం లేదు. ఆ రోజుల్లో నల్లగొండ లైన్లలో ఉన్నవాళ్లు ఇది చదివితే చెప్పండి. అట్లాగే ఎవరింట్లోనైనా, ఏ కొట్లోనైనా పాత పాయింట్ బుక్ మిగిలి ఉంటే ఒక్క పేజీ ఫొటో తీసి పంపండి, ఎవరి సంతకమున్నా సరే.